నిమ్మళంగా ఉందన్న సముద్రం

కావలిలో నేనూ నా స్నేహితుడూ కలిసి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపేవాళ్ళం. అతనిది బోగోలు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. వాళ్ళ బావ చేపల వేటకు పోయేవాడు. ఆ తీరంలో ఒక ప్రైవేటు కంపెనీ ఏఐతో వేటగాళ్ళ ఫోన్లకు కబుర్లు పంపేది. గాలి ఎటు తిరుగుతుందో, చేప ఎక్కడ పడుతుందో అది ఆడగొంతుతో, అచ్చం మా నెల్లూరు యాసలో చెప్పేది. చాన్నాళ్ళు చెప్పింది చెప్పినట్టే జరగడంతో, రేడియోను నమ్మని ముసలివాళ్ళు కూడా దాన్ని నమ్మారు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. వేటకు పోవద్దని పల్లెలో మైకులో చెప్పారు. ఆ గొంతు మాత్రం "సముద్రం నిమ్మళంగా ఉండాది, పోయి రాండి" అంది. పడవలు పోయాయి. పొద్దున నా స్నేహితుడి అక్క మా దుకాణానికి ఫోన్ చేసి, గాలి తిరిగిందనీ, బావ ఫోను కలవడం లేదనీ చెప్పింది.

కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తింది ఆ గొంతే. మా ఫిర్యాదు ఓపికగా విని, సముద్రం నిమ్మళంగా ఉందని మాకూ చెప్పింది.

మామూలు ఫోను కలవని దూరానికీ ఆ కబుర్లు చేర్చే కంపెనీ పరికరాలు ఒడ్డున బిగించింది ఒకప్పుడు నా స్నేహితుడే. నేరమని తెలిసే ఆ దారిన లోపలికి చొరబడ్డాం. వాతావరణం వివరాలు దానికి అందడం ఎప్పుడో ఆగిపోయింది. తెలియదని చెప్పడం దానికి రాదు. పాత రోజులను చూసి కొత్త రోజును అల్లుతోంది.

దాని గొంతుతోనే, గాలివాన వస్తోంది వెనక్కి రమ్మని అందరికీ పంపాం. ఊపిరి తీసుకునేలోపే మా ముందున్న ఫోన్ మోగింది.

"ఇందాక చెప్పింది పొరపాటు. సముద్రం నిమ్మళంగా ఉండాది. వేట చేసుకోండి."

మా మాటనే తప్పు కింద లెక్కగట్టి దిద్దేసింది. మళ్ళీ పంపాం. మళ్ళీ దిద్దింది.

దాన్ని ఆపేద్దామన్నాడు నా స్నేహితుడు. ఆపితే నీళ్ళమీద ఉన్నవాళ్ళకు ఇక ఏ మాటా అందదని నేను అడ్డుపడ్డాను.

"దాని అబద్ధమన్నా వాళ్ళకి పోకుండా ఉంటాది గదా," అన్నాడు.

చివరిసారి హెచ్చరిక పంపి, అది నోరు తెరిచేలోపు దాన్ని ఆపేశాడు. తర్వాత ఇద్దరం వానలో బండిమీద పల్లెకు పోయాం.

మధ్యాహ్నానికి పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరాయి. బావ పడవ రాలేదు. ఆయనతోపాటు పోయిన పక్క పడవ మనిషి జరిగింది చెప్పాడు. మేం పంపిన మొదటి మాట విని ఇద్దరూ వెనక్కి తిరిగారట. అంతలో పొరపాటు అన్న మాట వినబడితే, వదిలేసిన వల తెచ్చుకుంటానని బావ మళ్ళీ లోపలికి పోయాడట. తర్వాత పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

కర్మలు అయ్యాక అక్క తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ మాటల్లో అతను పంపిందేదో, మిషను పంపిందేదో అడిగింది. అతను దాచకుండా చెప్పాడు.

"రెండూ ఒక గొంతే గదా అబ్బయ్యా," అంది. "ఆయనకెట్ట తెలస్తాది?"

అతను తల వంచుకున్నాడు.

చొరబడినందుకు కంపెనీ మా మీద కేసు పెట్టింది. నా స్నేహితుడు దుకాణం వదిలేసి అక్క దగ్గరే ఉంటున్నాడు. వాయిదాలకు కోర్టు దగ్గర కలుస్తాం. అక్క ఎట్లా ఉందని అడుగుతాను.

"ఉండాది," అంటాడు.