పలుగురాయిలో నీటిచుక్క

ఎన్నిసార్లు కడిగినా రత్నవ్వ చేతులకు పసుపు వదలదు. కాపురానికి వచ్చిన ఏడు నుంచి ఆర్మూరు మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరిన చేతులవి. మొగుడు బుచ్చన్న పెర్కిట్ అవతలి క్వారీలో బండలు కొట్టి కొట్టి, ఆ దుమ్మంతా రొమ్ములో నింపుకున్నాడు. బండలు అమ్మినవాడు మేడ కట్టాడు, కొట్టినవాడు మంచం పట్టాడు. ఎవడిని అడగాలి?

క్వారీ నుంచి అతను తెచ్చుకున్నది ఒకే ఒక్క పలుగురాయి. తేటగా గాజులా ఉండేది. లోపల నీటిచుక్క చిక్కుకుని ఉంది. రాయిని వంచితే చుక్కలోని బుడగ అటూ ఇటూ జరిగేది. మంచాన పడ్డాక పొద్దంతా దాన్ని వెలుతురుకు పట్టి చూసేవాడు. ఒకనాడు పెళ్లాన్ని దగ్గరికి పిలిచాడు.

"గీ రాయి పలగ్గొట్టి గా సుక్క నా నాల్క మీద ఎయ్యే. ఎవ్వలు ముట్టని నీళ్లు. తాగి పోత."

రత్నవ్వ సుత్తి తీసింది. సరిగ్గా అప్పుడే కొడుకు సురేశ్ హైదరాబాదు నుంచి దిగాడు. యూనివర్సిటీ ల్యాబులో అటెండరు. అందులో ఏ విషముందో తెలియకుండా రోగికి ఎట్లా పోస్తావని తల్లిని గదమాయించాడు. తమ ల్యాబులో రాయికి గీటైనా పడకుండా చుక్క మీదికి లేజరు వెలుగు పంపి, తిరిగొచ్చిన వెలుగును బట్టి లోపల ఏముందో చెప్పేస్తారట. సార్ల మధ్య తిరిగే కొడుకు మాట, కాదనలేక సుత్తి మూలన పెట్టింది. బుచ్చన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. సురేశ్ రాయిని హైదరాబాదు పట్టుకుపోయాడు.

మిషను ఖాళీ లేదని ఒకసారి, సారు సెలవులో ఉన్నాడని ఒకసారి పక్కింటి సెల్లుకు కబురు. రాయికేం తొందర, అది కోట్ల ఏళ్లు ఆగింది. బుచ్చన్న ఆగలేకపోయాడు. పోయేరోజు కూడా రాయి వచ్చిందా అనే అడిగాడు. రత్నవ్వ బోరింగు నీళ్లే గొంతులో పోసింది. సగం బయటికే కారిపోయాయి.

దినాలన్నీ అయిపోయాక, తర్వాతి సెలవుకు సురేశ్ రాయి తెచ్చాడు. ఒక్క గీటు లేదు. బుడగ ఎప్పటిలాగే జరుగుతోంది. చావు కబురు చల్లగా చెప్పినట్టు, అందులో ఉన్నవి ఉత్త ఉప్పునీళ్లేనన్నాడు. కాస్త సోడాలో ఉండే గాలి కూడా ఉందట. విషం జాడే లేదట. ఇంత పెద్ద చుక్క దొరకడం అరుదని సార్లు మెచ్చుకున్నారట.

రత్నవ్వ రాయిని చేతిలోకి తీసుకుంది.

"ఉప్పునీళ్లేనా బిడ్డా? గట్లయితే ఒక్క సుక్క పోస్తే ఏం పోతుండె?"

ఆమె మూలనున్న సుత్తి తెచ్చి, వాకిట్లో బండ మీద రాయిని పెట్టి కొట్టింది. చుక్క ఎటు పోయిందో కనబడలేదు, బండ తడవనైనా లేదు. ముక్కల మధ్య వేలు రాసి నాలుకకు పెట్టుకుంది. పసుపు చేదు తప్ప ఏమీ తగల్లేదు.