ఖాళీ కేరియర్ తెచ్చిన మార్తమ్మత్త

సాలూరులో మా మేనత్త మార్తమ్మ పోయిందన్న సంగతి నాకు ఫోన్లోనే తెలిసింది. విశాఖలో ఆఫీసుకి బయల్దేరుతుంటే చర్చి గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మన మార్తమ్మ గారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు." నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరో తెలిసీ తెలీక పెట్టుంటారని "కనుక్కుని పెట్టండి" అని టైప్ కూడా చేశాను. పంపేలోపే కింద దణ్ణం బొమ్మలు వరసగా వచ్చేశాయి. ముందురోజు సాయంత్రం పెరట్లో కోళ్లకి నూకలు చల్లిన మనిషి పొద్దున్న లేవలేదట. అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. అత్తకి ఒక్కగానొక్క కొడుకు మోషే బావ. ఐదు నెలల క్రితం నేను ఆయన నంబరు బ్లాక్ చేశాను. బ్లాక్ లిస్టు తెరిచి చూశాను. పొద్దున్న ఆరుంబావుకి బావ నుంచి మూడు కాల్స్ ఉన్నాయి. అందరికన్నా ముందు నాకే చేశాడు. అందరికీ తెలిశాక నాకు తెలిసింది.

మన సంఘం పత్రికలో అత్త గురించి నన్ను రాయమన్నారు. భక్తురాలు, ప్రార్థనాపరురాలు, సాత్వికురాలు అని పెద్ద మాటలతో మొదలెడదామనుకున్నాను. సాత్వికురాలు దగ్గరే ఆగిపోయాను. అత్త వింటే "ఒలే గుంటా, ఎవుల్ని గురించే రాస్తన్నావు?" అని పడీపడీ నవ్వుతుంది. మా అత్త నోటికి వీధంతా భయం. ఆ చుట్టుపక్కల ఆవిడతో గొడవపడని మనిషి లేడు. నా కోపం ఎవరి పోలికో చెప్పక్కర్లేదు.

కానీ ఆవిడ గొడవ ఏదీ నెల దాటేది కాదు. మన సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల కదా, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. దానికి ముందురోజు, శనివారం పొద్దున్నే, ఆ నెలలో తను ఎవరిని తిట్టిందో వాళ్లింటికి మూడు గిన్నెల స్టీలు కేరియర్ పట్టుకుని వెళ్లేది. కింద అన్నం, మధ్యలో కోడికూర, పైన గారెలు. గుమ్మంలో నిలబడి "తప్పు మాటన్నాను, మనసులో ఎట్టుకోకు" అనేది. "మనసులో మంట ఎట్టుకుని బల్ల కాడికి ఎల్తే, రొట్టి గొంతు దిగదే" అని నాకు చిన్నప్పుడే చెప్పింది. వీధిలో కొందరు నెలాఖరుకి కావాలని గొడవ పెట్టుకునేవాళ్లని బావ అనేవాడు, కూర కోసం.

అందులో ముందుండేది పక్కింటి పైడమ్మ గారు. చర్చికి రాదు, పైడితల్లికి మొక్కుకునే మనిషి. అయినా మన బల్ల ఆదివారం ఏ తేదీన వస్తుందో మనకన్నా బాగా తెలుసు. అత్త కోళ్లు గోడ దూకి ఆవిడ తోటకూర మడి తినేసేవి. ఒకసారి ఆ గొడవ వీధి చివరిదాకా వినబడింది. శనివారం కేరియర్ వెళ్లింది. పైడమ్మ గారు మూత తీసి "కూరతో నోరు మూయిస్తావేటే మార్తమ్మా?" అంటే అత్త "నీ తోటకూర తిన్న కోడి ఇదే. నీ మడి నీకే తెచ్చినాను, తిను" అంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఆ కోడిని తినేశారు.

పాస్టరు గారినీ వదల్లేదు. ఓ ఆదివారం అయ్యగారి ప్రార్థన ఎంతకీ అవకపోతే, ముసలోళ్లు ఆకలికి తూలుతున్నారని అత్త లేచి "ఆమెన్" అని గట్టిగా అనేసింది. సంఘమంతా కళ్లు తెరిచేసింది. ఆ శనివారం కేరియర్ అయ్యగారింటికి వెళ్లింది. ఆయన నవ్వి "నువ్వన్నది నిజమే కదమ్మా" అన్నారు. "నిజమే అయ్యగారూ. నిజానికి సెమాపణ సెప్పను. అన్న తీరుకి సెప్తన్నాను" అంది అత్త. అయ్యగారు ఈమధ్య ప్రార్థన ఎందుకు తొందరగా ముగిస్తున్నారో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది.

ఇంకోసారి పార్వతీపురం బస్సులో కండక్టర్ని నానా మాటలూ అంది. ఆయన ఇల్లెక్కడో తెలీదు. శనివారం కేరియర్ పట్టుకుని బస్టాండులో కూర్చుని, వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి మొహం చూసి దిగింది. మధ్యాహ్నానికి దొరికాడు. పాపం ఆయనకి గొడవే గుర్తులేదు. "నీకు గుర్తు నేకపోతే ఏటి నాయినా, నాకున్నాది కదా" అని గారెలు చేతిలో పెట్టింది.

ఇదంతా నాకు తమాషాగా ఉండేది, నా దాకా వచ్చేవరకూ. విజయనగరంలో చుట్టాల పెళ్లిలో బంతిలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఎదుటి వరసలోంచి బావ "ఒసే, ఆ ఫోను కూడా పప్పులో నంజుకుని తినీ" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మండిపోయింది. అక్కడే, విస్తరి ముందే, ఫ్యామిలీ గ్రూపులో "లారీ క్లీనర్ బుద్ధులు ఎక్కడికి పోతాయి" అని పెట్టేశాను. మామయ్య పోయాక బావ పదో తరగతి మానేసి లారీ క్లీనర్‌గా వెళ్లి ఆ ఇల్లు నిలబెట్టాడు. ఇప్పుడు లారీ బాడీలు కట్టే షెడ్డు సొంతంగా నడుపుతున్నాడు. అది అందరికీ తెలుసు. బావ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. తప్పు నాదే, బ్లాక్ చేసిందీ నేనే.

తర్వాతి శనివారం అత్త విశాఖలో మా ఇంటికొచ్చింది, చేతిలో కేరియర్‌తో. నేను గెంతుకుంటూ వెళ్లి మూతలు తీశాను. మూడు గిన్నెలూ ఖాళీ.

"ఇదేంటత్తా, ఖాళీది తెచ్చావు?"

"నిండింది తెస్తే తినీసి తొంగుంటావు. ఇది నీకే. నువ్వు వండి, నువ్వు నింపి, మీ బావకిచ్చి రా."

"వాడు అందరి ముందూ నన్ను అన్నది?"

"ఆడి తప్పు ఆడు సూసుకుంటాడు. నువ్వే ముందెల్లు."

"ఫోన్లో సారీ చెప్తాలే."

"ఫోన్లో మొకం ఉంటాదేటే? ఎల్లాల."

"వాడు మారితే అప్పుడు చూద్దాం" అన్నాను మొండిగా. అత్త నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. "నువ్వు బాగుపడ్డాక దేవుడు నిన్ను పేమించినాడేటి? బాగుపడినోళ్లనే పేమిస్తే అది పేమెలాగవుతాది, బహుమానం అవుతాది. నువ్వు ఎనక్కి తిరిగి సూసేతలికి ఆయన నీ గుమ్మంలో ఉన్నాడు. అదొక్కటే నాను సేస్తన్నాను, కేరియర్ అట్టుకుని."

ఆ కేరియర్ ఐదు నెలలు మా ఫ్రిజ్ మీద ఉంది. ప్రతి బల్ల శనివారం అత్త దగ్గర్నుంచి చిన్న వాయిస్ మెసేజ్ వచ్చేది. "ఒలే, కేరియర్ ఏటంటాదే?" నేను నవ్వుతున్న బొమ్మ పెట్టి ఊరుకునేదాన్ని.

సమాధి కార్యక్రమంలో బావ అటు, నేను ఇటు నిలబడ్డాం. మధ్యలో అత్త. పక్కకి నాలుగడుగులు వెయ్యలేకపోయాను. గుప్పెడు మట్టి వేసి బస్సెక్కేశాను.

పదిరోజులకి బల్ల శనివారం వచ్చింది. అలవాటుగా ఫోన్ చూశాను. మెసేజ్ లేదు. ఇంక రాదు. స్టూలేసుకుని ఫ్రిజ్ మీంచి కేరియర్ దించాను. ఫోన్లో వీడియో పెట్టుకుని జీవితంలో మొదటిసారి కోడికూర వండాను. గారెలు గుండ్రంగా రాలేదు. సాలూరు బస్సులో కేరియర్ ఒళ్లో పెట్టుకుని, ఆ ఐదు వాయిస్ మెసేజ్‌లూ మళ్లీమళ్లీ విన్నాను.

బావ షెడ్డులో లారీ కింద ఉన్నాడు. నా చెప్పులు చూసి బయటికొచ్చాడు. కేరియర్ చూశాడు. దారంతా అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

"క్లీనర్ అన్నది నిజమే బావా. నువ్వు క్లీనర్‌గా వెళ్లబట్టే ఆ ఇల్లు నిలబడింది. నేనన్న తీరు తప్పు. అందరి ముందూ అన్నాను. తప్పు."

బావ చేతులు కడుక్కుని, మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పెయ్యలేదేటే?"

"వీడియోలో చెప్పలేదు."

బావ నవ్వడం మొదలెట్టి ఏడ్చేశాడు. నేనూ అంతే. తర్వాత లోపలికెళ్లి బీరువా మీంచి ఏదో దించుకొచ్చాడు. ఇంకో కేరియర్. కొత్తది, కంపెనీ కాయితం కూడా ఊడలేదు. ఖాళీది.

"నాకూ ఇచ్చిందే. నువ్వే ముందెల్లు అన్నాది. ఫోను మాటెత్తి ఆడపిల్లని అందరి ముందూ ఏడిపించినావు అని తిట్టింది కూడా. నాకు వంట రాదు, ఏటి సేసీది?"

పక్కింటి గోడ మీంచి పైడమ్మ గారు తొంగి చూసింది. ఆవిడకీ ఒక గిన్నెలో పెట్టిచ్చాం. ఉప్పు తెచ్చిందీ ఆవిడే. తింటూ తింటూ తన మడి వైపు చూపించింది. "తోటకూర మోకాలెత్తు పెరిగిపోనాది అమ్మా. కోళ్లని మీ బావ అమ్మీసినాడు. తినీ కోడి నేదు, తిట్టుకోడానికి మార్తమ్మ నేదు. ఏటి సేసుకోను ఇంత కూర?"

మర్నాడు ఆరాధనలో బావా నేనూ అత్త కూర్చునే బెంచీలోనే కూర్చున్నాం. మా మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలాం. అయ్యగారి ప్రార్థన మళ్లీ కొంచెం పెద్దదైంది. ఆమెన్ అనేవాళ్లు లేరు. కానీ రొట్టె మాత్రం గొంతు దిగింది.

అత్తా, కేరియర్ ఏటంటాదని అడిగావు కదా. ఐదు నెలలు జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా. ఖాళీగానే ఉంది. తినేశాం.