ఎర్ర మందు ఇంకేదాకా

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో, నిజ్వా దగ్గర ఒక పైపులైన్ సైట్‌లో, వెల్డింగులో పగుళ్లు పట్టుకోవడం నా డ్యూటీ. అతుకు మీద ఎర్ర మందు కొట్టి, అది ఇంకేదాకా ఆగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్లపొడి చల్లేవాణ్ని. పగులుంటే పొడి మీద ఎర్రగీత తేలుతుంది. పైకి నోరు తెరిచిన పగులైతేనే సుమా. లోపల దాగిన లొసుగు దానికి చిక్కదు. అయినా ఆ డబ్బా చేతికొస్తే చాలు, నేను పెద్ద డాక్టర్నైపోయేవాణ్ని.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన వెల్డరొకడు నన్ను ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే పిలిచేవాడు. "సారూ, జర నా జాయింట్లు చూసిపోండ్రి" అంటూ చల్లటి మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టేవాడు. నెలరోజులుగా వాడి అతుకులన్నీ పాస్. ఒకరోజు పొరపాటున పైపు మీద చెయ్యి ఆనించి కెవ్వుమన్నాను. అప్పుడు వెలిగింది నా బుర్ర! అంతలా కాలిన ఇనుము మీద మందు ఇంకదు, ఎండిపోతుంది. పగులున్నా గీత రాదు. వీడి దుంప తెగ, మజ్జిగ పోసి నాచేత తప్పుడు సంతకాలు పెట్టించుకుంటున్నాడా?

"రేపు పొద్దున్నే చల్లటి వేళ అన్నీ మళ్లీ చూస్తా. ఒక్క గీత కనపడిందా, ఫోర్‌మన్‌తో చెప్పి వీసా క్యాన్సిల్ చేయించి ఇంటికి పంపిస్తా!" అని అరిచాను.

వాడి ముఖం పాలిపోయింది. "చూడుండ్రి సారూ" అన్నాడంతే.

మర్నాడు ఎండ రాకముందే మొదలుపెట్టాను. వాడు పక్కనే గొంతుక్కూర్చుని, నేను పొడి చల్లినప్పుడల్లా ఊపిరి బిగబట్టాడు. పద్దెనిమిది అతుకులు. ఒక్కదాని మీదా ఎర్రచుక్క లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మరి మధ్యాహ్నమే ఎందుకు పిలుస్తావయ్యా?"

"మీ డబ్బాకు నిప్పు తగులొద్దు గద సారూ. మీరొస్తే వెల్డింగ్ బంద్ పెట్టాలె. మందు ఇంకేదాక పైపు నీడల నడుము వాలుస్త. గీ ఎండల నాకు దొరికే రెస్టు గదొక్కటే."

పరువు తక్కువ పని చేశానని నిజంగా సిగ్గేసింది. అప్పట్నుంచి అసలు పరీక్షలు పొద్దున్నే కానిచ్చేసి, మధ్యాహ్నం ఖాళీ డబ్బా పట్టుకుని హడావిడిగా వాడి దగ్గరికి పోయేవాణ్ని. ఎంతసేపటికీ మేం లేవకపోతే ఫోర్‌మన్ దూరం నుంచే, పరీక్ష అయిందా అన్నట్టు "హోగయా?" అని కేకేసేవాడు. నేను నోరు తెరిచేలోపే, పైపు నీడలోంచి, కళ్లయినా తెరవకుండా వాడు గొణిగేవాడు:

"ఇంకా ఇంకలేదని చెప్పుండ్రి సారూ."