పడవ పెట్టె మీద నా పేరు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. కానీ అక్క కొడుకు మామా అని పిలిచినప్పుడంతా పెద్దవాణ్ణి అయిపోయినట్టే ఉంటుంది, కాబట్టి చెప్తాను.

రాజపాళయంలో సముద్రం లేదు. అయినా మా తాతకు పడవ ఉండేది. సేత్తూరు పక్కన కణ్మాయి చెరువులో చేపలు పట్టే చిన్న ఫైబర్ పడవ. కూర్చునే పలక కింద, తడవకూడని సామాన్లకు ఒక నీలం ప్లాస్టిక్ పెట్టె. ఆదివారం నన్ను మొదటిసారి పడవ ఎక్కిస్తానన్నాడు తాత. షరతు ఒకటే: పడవలో గంతులేస్తే ఎక్కనియ్యడు.

శనివారం సాయంత్రం, పడవ మా వాకిట్లో ఉండగా, నేను దాంట్లోకెక్కి, పలక కింది పెట్టెను ముందుకు లాగి, పెట్టెలోకి దూకి కెప్టెన్ అయినాను. పెట్టె పక్క బెత్తెడు మేర పగిలింది. గమ్ము పూసినాను. అది నా వేళ్ళను మాత్రం బాగా అతికించింది. పైన నోటుబుక్కు లేబుల్ ఒకటి అంటించినాను. ఇంట్లో మిగిలింది అదొక్కటే. దాని మీద నా పేరు, క్లాసు, సెక్షను ముందే రాసి ఉన్న సంగతి ఆలస్యంగా తట్టింది.

పొద్దున తాత పెట్టెను చూసినాడు, నన్ను చూసినాడు. కోయంబత్తూరు అత్త తనకు కొనిచ్చిన కొత్త ఫోను నా చేతికిచ్చి, "దీంట్లో పెట్టరా, భద్రంగా ఉంటుంది" అన్నాడు. చెప్తే పడవ పోతుంది. చెప్పకపోతే ఫోను పోతుంది.

"వద్దు తాతా. పెట్టె పగిలింది."

"ఎవరు పగలగొట్టినారు?"

"లేబుల్ చదువుకో తాతా."

తాత నవ్వలేదు. మీసం మాత్రం కొంచెం కదిలింది.

ఆ దినం చేపలకు పోవడం మానుకొని పెట్టె ముందేసుకున్నాడు. మేకు కాల్చి పగులు రెండు కొసల్లో చిన్న చిల్లులు పెట్టినాడు. పగులు మూయమంటే ఇంకో రెండు చిల్లులా అని అడిగితే, "ఇది ఇక్కడ ఆగాల. లేదంటే నువ్వెంత పూసినా నడిచిపోతానే ఉంటుంది" అన్నాడు. మా ఊళ్ళో కుడం, అంటే ప్లాస్టిక్ నీళ్ళ బిందె, పగిలితే చేసినట్టే, అమ్మ పాత పచ్చ కుడంలో ముక్క కోసి, కాల్చిన కత్తితో కరిగించి రుద్దినాడు. చివరి అంగుళం నా చేత రుద్దించినాడు. నీళ్ళు నింపి చూస్తే ఒక్క చుక్క కారలేదు.

పీకేసిన లేబుల్‌ను తాత ఆ పచ్చ అతుకు పక్కనే మళ్ళీ అంటించినాడు. "రిపేరు చేసినవాని పేరు ఉండాల కదరా."

షరతు షరతే, పడవ మరుసటి ఆదివారమే ఎక్కినాను. ఫోను ఆ పెట్టెలోనే వచ్చింది.

ఇప్పుడు ఆఫీసులో నా వల్ల ఏదన్నా చెడితే నేనే ముందు చెప్పేస్తాను. ధైర్యమని పొరబడొద్దు. దాచినా, ఎక్కడో లేబుల్ అంటించే ఉంటానని నాకు తెలుసు.