ఇప్పనూనె రాసిన కాలు

2006, ఇప్పపూలు రాలే రోజులు. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి సెల్లార్లో, న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నాలజిస్టుగా నాకది ఆరో ఏడు. మాది తిరుమలాయపాలెం. ఖమ్మం వైపు నుంచి ఎవరొచ్చినా "మీవాళ్లొచ్చారు" అని నాకే అప్పగించేవారు. అందులో ఆటపట్టింపు కొంత, పని తప్పించుకోవడం కొంత.

ఆ రోజు వచ్చినవాళ్లది కారేపల్లి దగ్గరి తండా. సక్రుకు అరవై ఏళ్లుంటాయి. అడవి అంచున మూడెకరాల చేను, పదిహేనేళ్లుగా షుగర్. కుడికాలి బొటనవేలు నల్లబడింది. సర్జన్ తేల్చుకోవలసింది ఒక్కటే: వేళ్ల వరకు తీస్తే చాలా, మోకాలి కిందిదాకా తీయాలా? రక్తం అందని చోట కోస్తే ఆ కోత మానదు. మళ్లీ పైన కోయాలి, మళ్లీ పైన.

అది చెప్పడానికే మా గామా కెమెరా. చేతి నరంలోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కిస్తాం. రక్తంతో పాటు అది కాళ్లలోకి వెళ్తుంది. ఎక్కడ ఎంత చేరిందో కెమెరా బొమ్మ కడుతుంది. డాప్లర్ పరీక్ష పెద్ద రక్తనాళాల్లో పారకం చూపిస్తుంది. మాది చివరి మడికి నీరందిందో లేదో చూపిస్తుంది. కాలువ కింది ఊళ్లవాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మ చూసి ఆశ్చర్యపోయాను. నల్లబడ్డ వేలు తప్ప కుడి పాదమంతా వెలుగే. ఎడమ పాదం కంటే కూడా ఎక్కువ. "వేళ్లతో పోయేట్టుంది" అన్నారు మా డాక్టరుగారు. నాకూ సంతోషమే. టేబుల్ మీది దుప్పటి తీస్తుంటే మాత్రం నూనె మరక కనిపించింది. వాసన చూశాను. ఇప్పనూనె.

బయట బల్ల మీద సక్రు భార్య మంగ్లి కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, కాలికి నూనె రాసినవా?"

"అవ్ బిడ్డా. కాలు సల్లగుండె. పొద్దుగాల ఉడుకుడుకు నూనె పెట్టి గంటసేపు పిసికిన."

"ఎందుకు?"

"పరీక్ష అంటిరి గద. కాలు పాస్ గావాలె గద."

వేడీ మర్దనా కాసేపు రక్తాన్ని చర్మంలోకి లాగుతాయి. నేను చూసిన వెలుగులో సగం ఆవిడ చేతి చలవే కావచ్చు. నాకు కోపం ముక్కు మీద ఉండే రోజులవి. స్కాన్‌కు ముందు తిన్నారా, ఏ మాత్రలు వేసుకున్నారు, అన్నీ అడిగాను. ఆ కాలికి ఏం చేశారని అడగలేదు. తప్పు నాది, కసిరింది ఆవిడను.

"నీ చెయ్యి పడితే కాలు అబద్ధం చెప్తది. ఇగ ముట్టకు."

ఆవిడ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

రిపోర్టు బాగానే ఉంది, ఎందుకు కెలకడం అని ఒక్క క్షణం అనిపించింది. అయినా డాక్టరుగారికి చెప్పేశాను. రెండు రోజులాగి మళ్లీ స్కాన్ తీశాం. ఈసారి పాదం చీకటి, చీలమండ చీకటి. పిక్క సగం నుంచి పైకే వెలుగు. మోకాలి కింద తీశారు. ఒక్క కోతతోనే మానింది. డిశ్చార్జి అయ్యే రోజు సక్రు దండం పెట్టాడు. మంగ్లి నా వైపు చూడలేదు.

ఏడాది తర్వాత ఇల్లందులో పెళ్లికి వెళ్తూ కారేపల్లిలో దిగి, అడుగుతూ తండాకు పోయాను. సక్రు కృత్రిమ కాలు పెట్టుకుని వాకిట్లో కందికాయలు ఒలుస్తున్నాడు. చాయ్ ఇచ్చారు. అలవాటు కొద్దీ నా చూపు ఎడమ పాదం మీదికి పోయింది. చర్మం ఎండిపోయి తెల్లగా పొట్టు లేస్తోంది, మడమ పగులుతోంది. షుగర్ ఉన్న కాలికి పుండు పడేది ఇలాంటి పగుళ్లలోంచే. మిగిలింది ఆ ఒక్క పాదమే.

"ఇదేంది పెద్దమ్మా, నూనె రాస్తలేవా?"

"ముట్టొద్దంటివి గద బిడ్డా."

"నేనా? ఎప్పుడు?"

"దవాఖానల. నా చెయ్యి పడితే కాలు అబద్ధం చెప్తదంటివి. గప్పటిసంది ముట్టలే."

సక్రు నవ్వాడు. "నేను చెప్తే ఇంటలేదు మేడం. మీరు చెప్తెనే రాస్తదంట."

నేనన్నది రెండు రోజుల మాట. ఆవిడ ఏడాది పాటించింది. మొగుడి కాలు పోవడానికి తన చెయ్యే కారణమని ఏడాదిగా నమ్మింది. నాకు ఏడుపొచ్చింది.

"నీ చెయ్యి ఏ తప్పూ చెయ్యలే పెద్దమ్మా. నేనే ముందు అడగలే. ఇగ రోజూ రాయి. గోరువెచ్చగ చాలు. షుగర్‌తో మొద్దుబారిన పాదం, ఆయనకు కాలినా తెల్వదు, ముందు నీ మోచేతికి పెట్టి చూడు. వేళ్ల సందుల్ల మాత్రం రాయకు."

ఇప్పటికీ సూది వేసే ముందు, పొద్దున్నుంచి కాలికి ఏం చేశారని అడుగుతాను. ఏదైనా వద్దంటే, ఎప్పటిదాకా వద్దో కూడా చెప్తాను. ఇది ఏ ట్రైనింగులోనూ నేర్పరు.

ఆ రోజు మంగ్లి లోపలికి వెళ్లి చిన్న గిన్నెలో ఇప్పనూనె వెచ్చచేసి తెచ్చింది. తన మోచేతికి పెట్టి చూసుకుంది. నమ్మకం కుదరక గిన్నె నా ముందుకు జరిపింది. నేనూ మోచేతికి రాసుకుని చూసి, సరే అన్నాను. అప్పుడు గానీ ఆవిడ ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకోలేదు.