పందొమ్మిదో పేజీలో గ్లౌజులు

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌కి తోటివాళ్ళు పెట్టిన పేరు అనుమానాల మేస్త్రి. బ్రేకు తన చేత్తో తడిమి చూడనిదే ఏ లిఫ్టులోనూ కాలు పెట్టడు. "నిన్ననే చూశాం గురూ" అంటే, "నిన్న చూసింది నువ్వు, ఇవాళ ఎక్కేది నేను" అంటాడు.

అతని కొడుకులిద్దరికీ కండరాలు కరిగిపోయే జబ్బు. ఆరేళ్ళ పెద్దవాడికి జన్యుచికిత్స ప్రయోగంలో చోటు దొరికింది. బాగున్న జన్యువును వైరస్‌లో పెట్టి ఒంట్లోకి ఎక్కిస్తారు. అదీ ఒక్కసారే. ఆ వైరస్‌ను ఒళ్ళు ఒకసారి గుర్తుపట్టిందంటే మళ్ళీ దగ్గరికి రానివ్వదు. చిన్నవాడికి మూడేళ్ళు, నాలుగు నిండితేగాని తీసుకోరు.

సంతకం పెట్టమని డాక్టరమ్మ ఇచ్చిన కాగితాల్లో పందొమ్మిదో పేజీ దగ్గర మేస్త్రి వేలు ఆగిపోయింది.

"నెలరోజులు పిల్లాడి మలమూత్రాలు గ్లౌజులతో తియ్యాలని రాశారు. వైరస్ హాని చెయ్యదన్నారుగా?"

"కొంచెం బయటికొస్తుందండీ. ప్రమాదం లేదు."

"ఎవరికి లేదు? ఇంట్లో చిన్నోడున్నాడు. ఒకే బాత్రూమ్. రవ్వంత వాడి ఒంట్లోకెళ్ళి, వాడి ఒళ్ళు గుర్తుపట్టేస్తే? వచ్చే ఏడు వాడికి ఈ చికిత్స పనిచేస్తుందా?"

ఆవిడ కలం పక్కన పెట్టింది. "అవకాశం చాలా తక్కువ."

"తక్కువంటే ఎంత?"

"చెప్పడానికి లెక్కల్లేవు."

"మీ పరీక్షలు తర్వాత పెట్టుకోండి" అంది పక్కనే కూర్చున్న భార్య, మేస్త్రితో. "మొన్నటిదాకా గబగబా మెట్లెక్కినవాడు నిన్న రెండో మెట్టుమీదే కూలబడ్డాడు. కరిగిన కండ తిరిగొస్తుందా?"

రాదని అతనికీ తెలుసు. అందుకే లేచి వెళ్ళిపోలేదు.

"చిన్నోణ్ణి మా మరదలింట్లో ఉంచుతాం. ముందూ తర్వాతా వాడి రక్తం మీరే పరీక్ష చెయ్యాలి. పెద్దోడి ఒంట్లోంచి వైరస్ రావడం ఆగిందని తేలాకే వాణ్ణి ఇంటికి తెస్తాం. ఇదంతా రాసివ్వండి."

డాక్టరమ్మ పక్కగదిలోకెళ్ళి చాలాసేపు ఫోన్లో మాట్లాడి వచ్చింది. "ప్రయోగం నడిపేవాళ్ళు ఒప్పుకున్నారు."

"రిపోర్టులు ఎవరి చేతికొస్తాయి?"

"మాకు."

"నాక్కూడా అని రాయండి."

"మీతో వేగడం కష్టమండీ" అంటూనే ఆవిడ రాసింది. అతను రెండుసార్లు చదివి, సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం మరదలి గుమ్మంలో చిన్నవాడు దిండు పట్టుకుని అడిగాడు: "అన్నయ్య రాడా?"

"వస్తాడ్రా" అన్నాడు మేస్త్రి. ఎప్పుడో మాత్రం చెప్పలేదు. ఆ తేదీ ఇంకా ఎవరూ అతనికి రాసివ్వలేదు.