రూతమ్మ చెప్పిన తిరుగుడు లెక్క

పద్దెనిమిది వందల తొంభైలలో రాజమండ్రి మిషను ఆడపిల్లల బడిలో రూతు అనే పంతులమ్మ ఉండేది. కోరుకొండ పక్క కూలి కుటుంబంలో పుట్టింది. పెళ్లయ్యాక భర్త యెహెజ్కేలు దగ్గర అక్షరాలు దిద్దింది. ఆయన మిషను గుడిలో వాక్యం బోధించే ఉపదేశి. చదువు ఆలస్యంగా దొరికినందుకేమో, అంకెలంటే ఆమెకు తీరని ముచ్చట.

ఒకసారి ద్రాక్షారామం వైపు చుట్టాలను చూసి ఇద్దరూ కాలువ పడవలో తిరిగి వస్తున్నారు. రూతు ఒళ్లో పలక పెట్టుకుని, ఒకటి పక్కన సున్నాలు చేర్చుకుంటూ ఏడుతో భాగిస్తోంది. 142857 వచ్చింది. ఆ తర్వాత మళ్లీ అవే అంకెలు మొదటినుంచీ వస్తున్నాయి. సరదాకి ఆ లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడును రెండుతో హెచ్చవేసింది. 285714. మూడుతో వేస్తే 428571. ఆరు దాకా వెళ్లినా అవే అంకెలు, అదే వరస; మొదలు మాత్రం మారుతోంది. ఏడుతో వేసేసరికి ఆరు అంకెలూ తొమ్మిదులయ్యాయి.

రూతు పకపకా నవ్వింది.

"ఏంటా నవ్వు?" అన్నాడు యెహెజ్కేలు.

"ఇవి చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాయండి."

ఆయన నమ్మక తనూ వేసి చూశాడు. రేవు వచ్చినా ఇద్దరూ దిగలేదు. పడవవాడు కేకెయ్యాల్సి వచ్చింది.

ఆ ఏడు వరినాట్ల కాలంలో, పేటలో ఉండే సువార్తమ్మ బడికి వచ్చింది. అక్కడ చదువుతున్న కూతురు పాపాయిని పొలం పనికి తీసుకుపోతానంది.

"లెక్కలు నేర్చి మా పిల్ల ఏం చేస్తుందండి?"

రూతు వాదించలేదు. "ఆదివారం ఆరాధన అయ్యాక రండి, పిల్లల ఆట చూసి వెళ్దురుగాని."

ఆ ఆదివారం తల్లులంతా బడి వసారాలో కూర్చున్నారు. వాకిట్లో ఆరుగురు పిల్లలు 142857లోని ఒక్కో అంకె రాసిన పలకలు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. పాపాయి నల్లబల్ల మీద ఆ సంఖ్యను రెండుతో, మూడుతో అలా హెచ్చవేసి, వచ్చిన మొదటి అంకె ఏదో చెబుతుంది. ఆ అంకె పిల్ల ముందు అడుగేస్తుంది, మిగతావాళ్లు వెనకే కోలాటంలా తిరుగుతారు. బల్ల మీది వరసా పిల్లల వరసా ఒక్కటే.

"ఏడేస్తే ముందు ఎవరొస్తారే?" అని సువార్తమ్మే అడిగింది.

పాపాయి లెక్క ముగించేసరికి ఆరుగురూ పలకలు తిప్పారు. అన్నిటి మీదా తొమ్మిదే. వసారా అంతా నవ్వులు.

"ఎందుకండి అలా తిరుగుతాయి?" అని సువార్తమ్మ రూతునడిగింది.

"ఈ అంకెలు ఒకటిని ఏడుతో భాగిస్తే వచ్చినవి. అలా భాగిస్తే మిగిలేవి ఒకటి నుంచి ఆరు లోపేనండి. ఆరూ ఒక్కోసారి వచ్చాక మళ్లీ మొదటికే వస్తాం. రెండుతో హెచ్చవేయడమంటే ఒకటికి బదులు రెండు దగ్గర భాగించడం మొదలెట్టడమే; ఎక్కడ మొదలెట్టినా దారి అదే."

సువార్తమ్మ ఒక పిల్ల చేతిలోని పలక అందుకుని తిప్పి చూసింది. "ఇది నేను చెయ్యాలంటే ఎన్ని ఎక్కాలు రావాలండి?"

"ఏడో ఎక్కం దాకా చాలండి."

"నాట్లకి నేనెళ్తాలెండి. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఆదివారాలు నేనూ వస్తాను."

వచ్చింది. తనతో కూలికెళ్లే రత్తమ్మనీ వెంటబెట్టుకొచ్చింది. రూతు ఉన్నన్నాళ్లూ ఆదివారాల్లో ఆ తల్లుల బడి సాగింది. పాపాయి పెద్దయ్యాక ఆ మిషను బడిలోనే పంతులమ్మ అయింది. సువార్తమ్మ మాత్రం, ఆరు తొమ్మిదులు మొదటిసారి తన చేత్తో రాబట్టిన రోజున, పలక పట్టుకుని పేటంతా తిరిగి చూపించింది. పొయ్యి మీద పులుసు మాడుతోందని ఎవరో చెబితే, "మాడనీండి" అంటూ పక్కింటి గుమ్మం ఎక్కింది.